కంప్యూటర్ మూగబోతే

లినక్స్ పెట్టిన కంప్యూటర్‌లో ఒక పాట చెవికి చేరాలంటే అయిదు చోట్ల దారి తెరిచి ఉండాలి. పాటను వాయించే ప్రోగ్రామ్, అంటే బ్రౌజరో వీఎల్‌సీయో, మొదటిది. దాని దగ్గర్నుంచి శబ్దాన్ని అందుకుని ఎటు పంపాలో తేల్చే సౌండ్ సర్వర్ రెండోది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో ఉండే డ్రైవర్ మూడోది. మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్ నాలుగోది. జాక్, వైరు, స్పీకరు కలిసి అయిదోది. వీటిలో ఏ ఒక్కటి మూసుకున్నా తెర మీద బొమ్మ కదులుతూనే ఉంటుంది, పెదవులు ఆడుతూనే ఉంటాయి, శబ్దం మాత్రం రాదు. సాధారణంగా మూసుకునేది ఒక్కచోటే. అదెక్కడో పట్టుకోవడమే అసలు పని. పట్టుకున్నాక సరిచేయడం చాలాసార్లు ఒక్క క్లిక్కుతో అయిపోతుంది.

కోల్‌కతాలో ఈ అవసరం పడటానికి ఇప్పుడొక ప్రత్యేక కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 చిప్పు ఉండాలంటుంది, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆ లెక్కకు అందని పాత యంత్రాలు చెత్తకుప్పలోకి పోనక్కర్లేదు. లినక్స్ మింటో ఉబుంటువో పెడితే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ దిగి ఆ చుట్టుపక్కల సందుల్లోకి వెళితే ఆఫీసులు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌లు, మానిటర్లు, స్పీకర్లు, కట్టలకొద్దీ వైర్లు దొరుకుతాయి. సాల్ట్‌లేక్ సెక్టార్ 5కి ఉద్యోగానికి వచ్చిన తెలుగు కుర్రాళ్లకైనా, టీటాగఢ్ జూట్ మిల్లుల పక్కన తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లోని పిల్లలకైనా చేతికందే ధరలో కంప్యూటర్ అంటే ఇదే. తీరా ఇంటికి తెచ్చి లినక్స్ పెట్టాక యంత్రం మూగదైతే? దుర్గాపూజ సెలవుల్లో మెకానిక్కులు కూడా దొరకరు.

మొదట చేయకూడని పని ఒకటుంది. శబ్దం రాలేదని ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించకూడదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మ్యూట్‌లో ఉన్న ఒక మీట కోసం మూడు గంటలు పోతాయి, ఫైళ్లు పోయే ప్రమాదం ఉంటుంది, పైగా శబ్దం మానిటర్ వైపు పోవడమే కారణమైతే కొత్తగా ఎక్కించిన సిస్టమ్ కూడా అదే తప్పు చేస్తుంది. రెండో పొరపాటు ఒకేసారి నాలుగు మార్పులు చేయడం. అప్పుడు శబ్దం వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు, రాకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఒక మార్పు చేసి, ఒకసారి విని, ఫలితం రాసుకుని ముందుకెళ్లాలి. ఈ క్రమశిక్షణ ఉన్నవాళ్లకి నిపుణుడి అవసరం అరుదుగా పడుతుంది.

వెతకడం బయటి నుంచి లోపలికి సాగాలి. తేలికైనవన్నీ బయటే ఉన్నాయి.

1. స్పీకరు, వైరు, జాక్

స్పీకరు బతికే ఉందా? దాన్ని పీకి మొబైల్‌కి పెట్టి చూస్తే పది సెకన్లలో తేలుతుంది. మొబైల్‌కి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం లేకపోతే రేడియోకో పక్కింటి ల్యాప్‌టాప్‌కో పెట్టవచ్చు. అలాగే కంప్యూటర్‌కి స్పీకరు బదులు మామూలు ఇయర్‌ఫోన్ పెట్టి చూడాలి. ఈ రెండు పరీక్షలతో తప్పు కంప్యూటర్‌దా, స్పీకర్‌దా అన్నది తెగిపోతుంది.

చవక స్పీకర్లలో ఒక తిరకాసు ఉంది. వాటికి రెండు తోకలుంటాయి: ఒకటి యూఎస్‌బీ, ఒకటి గుండ్రటి పిన్ను. చాలా రకాల్లో యూఎస్‌బీ తోక కరెంటు కోసమే. శబ్దం వచ్చేది పిన్నులోంచి. యూఎస్‌బీ పెట్టగానే లైటు వెలుగుతుంది కాబట్టి అంతా అయిపోయిందనుకుని పిన్నును వెనక వేలాడదీసేవాళ్లు ఉంటారు. డెస్క్‌టాప్ వెనక ఉండే రంగుల రంధ్రాల్లో స్పీకరుకి ఆకుపచ్చది, మైకుకి గులాబీది, బయటి నుంచి శబ్దం లోపలికి తీసుకునేందుకు నీలంది. నీలంలో పెట్టిన స్పీకరు ఎన్నేళ్లు ఎదురుచూసినా పలకదు. ముందు వైపు జాక్ పలకకపోతే వెనక జాక్‌లో చూడాలి. పెట్టె విప్పి మళ్లీ బిగించిన యంత్రాల్లో ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే సన్నటి కేబుల్ తగిలించకుండా వదిలేసి ఉండవచ్చు.

ఇక కోల్‌కతా గాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఈ ఊరి చెమ్మకి గోడలే చెమర్చుతాయి, జాక్ లోపలి సన్నటి రేకుల సంగతి చెప్పేదేముంది? వాటి మీద పొర కడుతుంది. ఒక చెవిలోనే వినబడటం, పిన్ను తిప్పితే గరగరమని శబ్దం వచ్చి మళ్లీ పోవడం దీని గుర్తులు. కంప్యూటర్ ఆపేసి పిన్నును ఓ పదిసార్లు లోపలికి, బయటికి ఆడించి, అటూ ఇటూ తిప్పితే పొర చాలావరకు రాలిపోతుంది. మిగిలితే ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌ని పిన్నుకి కొంచెం రాసి మళ్లీ ఆడించి, పూర్తిగా ఆరాక ఆన్ చేయాలి. నూనె, నీళ్లు తగలనివ్వకూడదు. ఈ చెమ్మ ఇంకో చోట కూడా వేషం మార్చుకుని ఎదురవుతుంది. అది నాలుగో అంకెలో.

2. ప్రోగ్రామ్

యూట్యూబ్‌లో రాకపోతే కంప్యూటర్‌లోనే రావట్లేదని తేల్చేయకూడదు. హార్డ్ డిస్క్‌లో ఉన్న పాటను వీఎల్‌సీలో వాయించి చూడాలి. అక్కడ వస్తే తప్పు బ్రౌజర్‌దే. ట్యాబ్ మీద చిన్న స్పీకరు బొమ్మకి అడ్డగీత ఉందేమో, వీడియోలోని స్పీకరు గుర్తు మ్యూట్‌లో ఉందేమో చూస్తే సరిపోతుంది. 2018లో క్రోమ్, 2019లో ఫైర్‌ఫాక్స్ వాటంతటవే మోగే వీడియోల శబ్దాన్ని అడ్డుకోవడం మొదలుపెట్టాయి. పేజీ తెరవగానే బొమ్మ ఆడి శబ్దం రాకపోవడం జబ్బు కాదు, ఏర్పాటు. పేజీ మీద ఒకసారి నొక్కితే తొలగిపోతుంది.

3. శబ్దం ఎటు పోతోంది?

శబ్దం రాలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి జవాబు ఇక్కడే ఉంటుంది. శబ్దం వస్తూనే ఉంటుంది, కాకపోతే వేరే వాకిలి గుండా పోతుంటుంది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా మోస్తాయి. అందుకే మానిటర్ తగిలించగానే లినక్స్‌కి అది కూడా ఒక స్పీకరులాగే కనిపిస్తుంది. మానిటర్‌లో స్పీకర్లు లేకపోయినా శబ్దాన్ని అటు పంపేయగలదు.

ఒక సందర్భం చూద్దాం. సెకండ్‌హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి కొన్న విద్యార్థి దానికి లినక్స్ మింట్ పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రాత్రి పదింటికి స్పీకరు పలకలేదు. వాల్యూమ్ నూటికి నూరు ఉంది, డ్రైవర్ ఉంది, స్పీకరు మొబైల్‌లో పలుకుతోంది. సౌండ్ సెట్టింగ్స్ తెరిచి అవుట్‌పుట్ జాబితా చూస్తే మూడు పేర్లున్నాయి: డిస్‌ప్లేపోర్ట్, లైన్ అవుట్, స్పీకర్. నిండిన చుక్క డిస్‌ప్లేపోర్ట్ ముందు ఉంది. లైన్ అవుట్ మీద నొక్కగానే బల్ల మీది స్పీకరు పలికింది. మరి ఆ మూడోది, స్పీకర్ అన్న పేరు ఎవరిది? ఆఫీసు డెస్క్‌టాప్‌లు చాలావాటికి పెట్టె లోపలే చిన్న స్పీకరు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే డబ్బాలోంచి సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. పేరు చూసి అదే బల్ల మీది స్పీకరు అనుకోవడం సహజమైన పొరపాటు.

ఇక్కడ పాటించాల్సిన క్రమం ఇది:

సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ కింద ఉన్న ప్రతి పేరునూ ఒక్కొక్కటిగా ఎంచుకుని, పక్కనే ఉండే టెస్ట్ బటన్ నొక్కి వినాలి. ఊహించకూడదు, నొక్కి చూడాలి. అందులో ఏదీ పలకకపోతే పావుకంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఎక్కించుకోవాలి. మెనూలో దాని పేరు పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అని ఉంటుంది. లినక్స్ వాడే ప్రతి ఇంట్లోనూ ఉండదగ్గ పనిముట్టు ఇది. మామూలు సెట్టింగ్స్ దాచేవన్నీ ఇది చూపిస్తుంది.

అందులో చివర ఉండే కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఒక్కో సౌండ్ కార్డుకి ఒక్కో ప్రొఫైల్ ఉంటుంది. మదర్‌బోర్డు కార్డు ప్రొఫైల్ ఆఫ్ అని ఉంటే ఆ కార్డు అవుట్‌పుట్ జాబితాలోకే రాదు. అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్ అని మారిస్తే వస్తుంది. మొదట ఉండే ప్లేబ్యాక్ ట్యాబ్ ఇంకా పనికొచ్చేది. పాట మోగుతుండగా దాన్ని తెరిస్తే, ప్రోగ్రామ్ పేరు కింద ఒక గీత పాటతోపాటు ఆడుతుంటుంది. గీత ఆడుతోందంటే ప్రోగ్రామ్ నుంచి సర్వర్‌కి శబ్దం చేరుతోందన్నమాట. అయిదు చోట్లలో మొదటిది బాగున్నట్టే. ఆ ప్రోగ్రామ్ పేరు పక్కనే అది ఏ కార్డుకి పోతోందో చూపించే పట్టీ కూడా ఉంటుంది. సౌండ్ సర్వర్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఒకసారి ఫైర్‌ఫాక్స్‌ని హెచ్‌డీఎంఐకి పంపితే, మిగతావన్నీ స్పీకరుకి మారినా ఫైర్‌ఫాక్స్‌ని అటే పంపుతూ ఉండగలదు. అన్నిట్లో వచ్చి ఒక్క ప్రోగ్రామ్‌లోనే రాకపోతే మొదట అనుమానించాల్సింది ఈ పట్టీనే.

4. మ్యూట్

మ్యూట్ ఒకచోట ఉండదు. కీబోర్డు మీద ఒకటి, ప్రోగ్రామ్‌లో ఒకటి, సౌండ్ సర్వర్‌లో ఒకటి, అన్నిటికన్నా అడుగున డ్రైవర్ దగ్గర ఇంకొకటి. పైవన్నీ తెరిచి అడుగుది మూసి ఉంటే తెర మీది వాల్యూమ్ గీత ఎంత జరిపినా లాభం లేదు.

అడుగు మ్యూట్‌ని చూపించేది ఆల్సామిక్సర్. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ఆ పేరును చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే నిలువు గొట్టాల్లాంటి గీతలు వస్తాయి. తొలిసారి తెరిచినవాళ్లకి తరచు ఒక్క గొట్టమే, మాస్టర్ అన్నది, కనిపిస్తుంది. అది నిండుగానే ఉంటుంది. అంతా బాగానే ఉందని మూసేస్తారు. అక్కడే మోసపోతారు. ఆ ఒక్క గొట్టం సౌండ్ సర్వర్‌ది, అసలు కార్డుది కాదు. ఎఫ్6 నొక్కి, వచ్చిన జాబితాలో హెచ్‌డీఏ ఇంటెల్ అనో, జెనెరిక్ అనో ఉన్న అసలు కార్డును ఎంచుకోవాలి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, ఫ్రంట్, లైన్ అవుట్, పీసీఎం అంటూ గొట్టాలు వరుసగా బయటపడతాయి.

ఒక్కో గొట్టం అడుగున రెండక్షరాలుంటాయి. రెండు ఎమ్‌లు ఉంటే మూసి ఉన్నట్టు, రెండు సున్నాల్లాంటివి ఉంటే తెరిచి ఉన్నట్టు. కుడి ఎడమ బాణాలతో ఆ గొట్టం దగ్గరికి వెళ్లి ఎమ్ నొక్కితే తెరుచుకుంటుంది, పైబాణంతో మట్టం పెరుగుతుంది. తెరిచి ఉన్నా మట్టం సున్నా దగ్గర ఉంటే వినబడదు కాబట్టి రెండూ చూడాలి. డిజిటల్ అవుట్‌పుట్‌కి చెందిన ఎస్/పీడీఐఎఫ్ మూసి ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. పని అయ్యాక ఎస్కేప్ కొడితే బయటికి వచ్చేస్తుంది. ఈ అమరికను కంప్యూటర్ ఆపేటప్పుడు సిస్టమే భద్రపరుస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ మూసుకుంటుంటే టెర్మినల్‌లో సుడో, ఖాళీ, ఆల్సాసీటీఎల్, ఖాళీ, స్టోర్ అని కొట్టి ఒకసారి చేత్తో భద్రపరచాలి.

అదే వరుస చివర్లో ఆటో మ్యూట్ మోడ్ అనే అమరిక ఉంటుంది, అన్ని కార్డుల్లో కాదు. హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకరు ఆగిపోవడానికి అది ఉపయోగపడుతుంది. మంచి సదుపాయమే. కానీ జాక్‌లో పిన్ను ఉందో లేదో తేల్చే సన్నటి రేకు చెమ్మకి, మురికికి అతుక్కుపోతే, హెడ్‌ఫోన్ లేకపోయినా ఉన్నట్టే లెక్క వేసి స్పీకరు నోరు నొక్కేస్తుంది. హెడ్‌ఫోన్‌లో చక్కగా వస్తూ ల్యాప్‌టాప్ స్పీకరులో రాకపోతే, అందులోనూ వానాకాలంలో, మొదటి అనుమానం దీని మీదే. ఆటో మ్యూట్‌ని డిసేబుల్డ్ అని మార్చగానే శబ్దం వస్తే కారణం దొరికినట్టే. జాక్ శుభ్రం చేశాక మళ్లీ ఎనేబుల్డ్‌కి మార్చుకోవచ్చు.

5. సౌండ్ సర్వర్

అవుట్‌పుట్ సరిగ్గా ఉంది, మ్యూట్‌లు తెరిచి ఉన్నాయి, నిన్న వచ్చింది, ఇవాళ రాలేదు. అప్పుడు సర్వర్‌ని ఒకసారి ఆపి మొదలుపెట్టాలి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా అదే ఫలితం, కాస్త ఆలస్యంగా. రీస్టార్ట్ వద్దనుకునేవాళ్లు టెర్మినల్‌లో కొట్టాల్సింది ఇది (పైప్‌వైర్ అన్నది ఇప్పటి సౌండ్ సర్వర్ పేరు, వైర్‌ప్లంబర్ దానికి తోడు నడిచే ప్రోగ్రామ్): సిస్టమ్‌సీటీఎల్, ఖాళీ, రెండు గీతలతో యూజర్, ఖాళీ, రీస్టార్ట్, ఖాళీ, పైప్‌వైర్, ఖాళీ, పైప్‌వైర్ గీత పల్స్, ఖాళీ, వైర్‌ప్లంబర్. దీని ముందు సుడో, అంటే రూట్ అనే అడ్మిన్ అధికారాన్నిచ్చే మాట, పెట్టకూడదు. సౌండ్ సర్వర్ నడిచేది ఆ వాడుకదారు పేరు మీదే. దాన్ని సుడోతో నడిపించబోతే సెట్టింగ్స్ ఫైళ్లు రూట్ పేరు మీదికి పోయి, తర్వాతి లాగిన్‌లో సర్వర్‌కి తన ఫైళ్లే తనకు అందకుండా పోయే ప్రమాదం ఉంది. లేని జబ్బు తెచ్చుకోవడమంటే అదే.

ఇంటర్నెట్‌లో దొరికే పాత సలహాలతో ఇక్కడే చిక్కు. లినక్స్‌లో శబ్దం యంత్రాంగం ముప్పై ఏళ్లలో పలుమార్లు మారింది. 1990ల్లో ఓపెన్ సౌండ్ సిస్టమ్ ఉండేది. జరోస్లావ్ కిసెలా 1998లో మొదలుపెట్టిన ఆల్సా, 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో దాని చోటుకి వచ్చింది. దాని పైన లెనార్ట్ పొట్టరింగ్ మొదలుపెట్టిన పల్స్ఆడియో 2008లో ఉబుంటు 8.04తో చాలా ఇళ్లకి చేరింది. ఇప్పుడు ఆ చోటులో విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ ఉంది. ఫెడోరా 34లో 2021లోనూ, ఉబుంటు 22.10లో 2022లోనూ, లినక్స్ మింట్ 22లో 2024లోనూ అదే ముఖ్య సర్వర్ అయింది. ఆల్సా అడుగున అలాగే ఉంది, పైది మారింది. కాబట్టి 2010 నాటి సలహా ప్రకారం ఇప్పటి యంత్రంలో పల్స్ఆడియోని తీసేయబోతే, దాంతోపాటు అవసరమైన ప్యాకేజీలు కూడా ఊడిపోయి ఇంకో సమస్య మొదలవుతుంది. ఏ సలహా అయినా ఏ సంవత్సరంలో రాసిందో, ఏ వెర్షన్‌కి రాసిందో చూడకుండా టెర్మినల్‌లో అతికించకూడదు. పాత పావుకంట్రోల్ పైప్‌వైర్‌తో కూడా పనిచేస్తుంది. పల్స్ఆడియో భాషను పైప్‌వైర్ అర్థం చేసుకునేలా కట్టారు, అదొక్కటీ మంచిపని.

సర్వర్‌ని మళ్లీ మొదలుపెట్టినా రాకపోతే సెట్టింగ్స్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి తెరిచి, పాత అకౌంట్ నుంచి లాగౌట్ అయి, కొత్తదాంట్లోకి వెళ్లి పాట వాయించాలి. అక్కడ వచ్చిందా? అయితే యంత్రానిది గానీ డ్రైవర్‌ది గానీ తప్పు కాదు, పాత అకౌంట్ సెట్టింగ్స్ పాడయ్యాయి. హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే వైర్‌ప్లంబర్, పల్స్ అనే ఫోల్డర్ల పేరు మార్చి మళ్లీ లాగిన్ అయితే కొత్తవి పుడతాయి. తుడిచేయడం కన్నా పేరు మార్చడం మేలు, కావాలంటే వెనక్కి రావచ్చు.

6. డమ్మీ అవుట్‌పుట్

అవుట్‌పుట్ జాబితాలో డమ్మీ అవుట్‌పుట్ అనే ఒక్క పేరే ఉంటే కథ వేరు. సర్వర్ బాగానే ఉంది, దాని చేతికి ఒక్క కార్డూ అందలేదు. టెర్మినల్‌లో ఏప్లే అని కొట్టి, ఖాళీ వదిలి, గీత, చిన్న ఎల్ కొట్టాలి. కార్డుల పేర్లు వస్తే డ్రైవర్ పనిచేస్తోంది, మళ్లీ సర్వర్ దగ్గరికే వెళ్లాలి. సౌండ్ కార్డులేవీ లేవని వస్తే డ్రైవర్ దాకా వెళ్లాల్సిందే. అప్పుడు వరుసగా చూడాల్సినవి:

మొదట కంప్యూటర్‌ని పూర్తిగా ఆపేయాలి. రీస్టార్ట్ కాదు, షట్‌డౌన్. డెస్క్‌టాప్ అయితే కరెంటు వైరు కూడా పీకి ఒకట్రెండు నిమిషాలు ఆగాలి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రాల్లో విండోస్ నుంచి నేరుగా లినక్స్‌లోకి వస్తే సౌండ్ చిప్ సగం నిద్రలో ఉండిపోయే సందర్భాలున్నాయి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని ఆపేయడం దానికి మందు.

తర్వాత చూడాల్సింది బయోస్, అంటే ఆన్ చేయగానే లినక్స్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్. సౌండ్ చిప్‌ని అక్కడ మూసేసి ఉంటే లినక్స్‌కి అది కనిపించదు. ఆఫీసులు వాడి వదిలేసిన డెస్క్‌టాప్‌ల్లో ఇది మరీ వింత కాదు. హాల్లో అందరి కంప్యూటర్లూ గోల చేయకుండా కొన్ని ఆఫీసులు ఆడియోని బయోస్‌లోనే ఆపేస్తాయి. ఆన్‌బోర్డ్ ఆడియో అనో, ఇంటిగ్రేటెడ్ ఆడియో అనో ఉన్న చోట ఎనేబుల్ చేయాలి.

నిన్నటి అప్‌డేట్ తర్వాతే పోయిందా? ఆన్ అయ్యేటప్పుడు గ్రబ్ అనే బూట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కిందికి వెళ్లి, వెనకటి కెర్నెల్‌ని ఎంచుకుని ఆన్ చేయాలి. పాతదాంట్లో శబ్దం వస్తే తప్పు కొత్త కెర్నెల్‌ది. దిద్దుబాటు వచ్చేదాకా పాతదాంతో కాలక్షేపం చేయవచ్చు.

2019 తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ కావాలి. సౌండ్ చిప్ తనంతట తాను లేవదు, ఆన్ అయ్యేటప్పుడు ఈ చిన్న ఫైలును దానికి అందించాలి. ఉబుంటు, మింట్‌లలో అది దాదాపుగా ముందే ఉంటుంది. డెబియన్ 12కి ముందు డెబియన్ ఇన్‌స్టాలర్‌తో ఇలాంటి ఫర్మ్‌వేర్ మామూలుగా వచ్చేది కాదు, విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. కొత్త ల్యాప్‌టాప్, పాత వెర్షన్ లినక్స్ కలిస్తే డమ్మీ అవుట్‌పుట్ కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కొత్త వెర్షన్‌కి మారడమే సులువైన చికిత్స.

7. పెన్‌డ్రైవ్ తీర్పు

ఇంతవరకూ ఏదీ పలకలేదంటే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇంకొక పరీక్ష మిగిలి ఉంది. ఉబుంటు కొత్త వెర్షన్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఆన్ చేసి పాట వాయించాలి. వస్తే హార్డ్‌వేర్ బాగుంది, హార్డ్ డిస్క్‌లోని సిస్టమ్‌లో లోపం ఉంది. దేనిలోనూ రాకపోతే, విండోస్‌లో కూడా రాకపోతే, చిప్పో జాకో పోయిందనుకోవచ్చు.

అప్పుడు కూడా మదర్‌బోర్డు మార్చే అవసరం లేదు. వేలంత ఉండే యూఎస్‌బీ సౌండ్ కార్డు చాందినీ చౌక్‌లో తేలికగా దొరుకుతుంది. యూఎస్‌బీ ఆడియో ప్రమాణానికి కట్టుబడి చేసిన వాటికి లినక్స్‌లో విడిగా డ్రైవర్ అక్కర్లేదు. పెట్టగానే అవుట్‌పుట్ జాబితాలో కొత్త పేరు వస్తుంది, దాన్ని ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే మళ్లీ మూడో అంకెకి తిరిగి వచ్చినట్టే.

8. బ్లూటూత్

బ్లూటూత్ హెడ్‌సెట్ కలిసిందని తెర చెబుతుంది, శబ్దం రాదు. లేదా బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. పావుకంట్రోల్‌లోని కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో హెడ్‌సెట్ ప్రొఫైల్ చూడాలి. ఏ2డీపీ అన్నది పాటల కోసం, నాణ్యత బాగుంటుంది, దాన్లో మైకు పనిచేయదు. హెచ్‌ఎఫ్‌పీ లేదా హెచ్‌ఎస్‌పీ అన్నది మాట్లాడటం కోసం, మైకు పనిచేస్తుంది, శబ్దం నాణ్యత తగ్గుతుంది. ఆన్‌లైన్ క్లాసు అయ్యాక పాట పెట్టినా గొంతు మారకపోతే ప్రొఫైల్ వెనక్కి తిరగలేదని అర్థం. అసలు ఏమీ రాకపోతే హెడ్‌సెట్‌ని జాబితా నుంచి తీసేసి మళ్లీ జతచేయాలి. అదే హెడ్‌సెట్ మొబైల్‌కి ముందే అంటిపెట్టుకుని ఉందేమో కూడా చూడాలి.

లినక్స్ కాకుండా ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లు తక్కువమంది. వాళ్లకి ఆల్సా లేదు, ఓపెన్ సౌండ్ సిస్టమ్ పద్ధతే ఉంది. డెవ్ ఫోల్డర్‌లోని ఎస్‌ఎన్‌డీస్టాట్ అనే ఫైలును క్యాట్ ఆదేశంతో చదివితే ఏ కార్డు డిఫాల్ట్‌గా ఉందో కనిపిస్తుంది. అక్కడ కూడా హెచ్‌డీఎంఐ ముందుండి స్పీకరు వెనకబడటమే తరచు ఎదురయ్యే కారణం. సిసీటీఎల్ అనే ఆదేశంతో హెచ్‌డబ్ల్యూ చుక్క ఎస్‌ఎన్‌డీ చుక్క డిఫాల్ట్ కింది గీత యూనిట్ అన్న ఒక్క విలువను సరైన కార్డు అంకెకి మారిస్తే చాలు.

ఇవన్నీ చూశాక కూడా ఎవరినైనా అడగాల్సి వస్తే "సౌండ్ రావట్లేదు" అని ఒక్క మాట అనేసి ఊరుకోకూడదు. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. కంప్యూటర్ మోడల్, లినక్స్ పేరు, వెర్షన్, అవుట్‌పుట్ జాబితాలో కనిపించే పేర్లు, ఏప్లే ఇచ్చిన జవాబు, పెన్‌డ్రైవ్ పరీక్ష ఫలితం, కాగితం మీద రాసుకున్న మార్పులు చెప్పాలి. ఆల్సా వాళ్ల ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్ట్ యంత్రం వివరాలన్నీ ఒకేచోట పోగేస్తుంది. అది ఇచ్చే పాఠాన్ని జతచేస్తే అడిగినవాళ్లకీ, చెప్పేవాళ్లకీ సగం శ్రమ తప్పుతుంది.

కొత్తగా సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనబోయేవాళ్లు ఈ శ్రమను దుకాణంలోనే తప్పించుకోవచ్చు. జేబులో ఒక ఇయర్‌ఫోన్, లినక్స్ ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. దుకాణదారుణ్ని అడిగి పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేయించి, ముందు జాక్‌లో ఒకసారి, వెనక ఆకుపచ్చ జాక్‌లో ఒకసారి పాట వినాలి. రెండు చెవుల్లోనూ రావాలి. డబ్బు చేతులు మారేది ఆ తర్వాతే కావాలి.